రెండో పక్క మొదటి పాట

మా రెండో క్యాసెట్‌లో ఒక పాటను ఊరంతా వినాలి, మా అమ్మ మాత్రం వినకూడదు. అంత తిక్క కోరికతో పాట రాసినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఎనభైల మొదట్లో మదనపల్లెలో నలుగురం కుర్రాళ్ళం రాక్ బ్యాండు పెట్టుకున్నాం. బెంగుళూరులో సెకండ్ హ్యాండులో కొన్న గిటార్లు, పెళ్ళిబ్యాండు వాళ్ళు వదిలేసిన డ్రమ్ములు, మూలపడిన మగ్గాల షెడ్డు, అంతే మా ఆస్తి. జనం మమ్మల్ని ఆర్కెస్ట్రా అంటే ఒళ్ళు మండేది. మొదటి క్యాసెట్ అంతా అల్లరి. హాస్టల్ సాంబారు మీద, తోస్తే గాని కదలని బస్సు మీద పాటలు. హోటళ్ళలో వేశారు, పెళ్ళిళ్ళలో వేశారు, మాకు పొగరెక్కింది. నవ్వించింది చాలు, ఈసారి ఎవరింటి సంగతి వాళ్ళు రాద్దామనుకున్నాం. తంబళ్లపల్లె నుంచి వచ్చిన మా డ్రమ్మరు ఎండిపోయిన వాళ్ళ వేరుశనగ చేను గురించి రాశాడు. నేను అమ్మ గురించి రాశాను.

మా అమ్మకు అప్పుడప్పుడూ మాట ఆగిపోయేది. అన్నం ముట్టేది కాదు, ఊరికే ఏడ్చేది. అలాంటి రోజుల్లో వంటింటి పక్కనున్న సామాన్ల గదిలోనే ఉండేది, తలుపు మూసి. ఎవరైనా వస్తే నాన్న "పుట్టింటికి పోయిండాది" అని పంపేసేవాడు. నేను ఆ తలుపుకు చెవి ఆనించి గాజుల చప్పుడు వినేవాణ్ణి. చప్పుడైతే అమ్మ బతికే ఉందని ధైర్యం. ఈ సంగతి ఇంట్లో మా ముగ్గురికి తప్ప ఇంకెవరికీ తెలియదు. నా పాటలో పిల్లవాడు బయట నిలబడి, నన్ను వదిలి ఎందుకమ్మా గడియ పెట్టుకున్నావని అడుగుతాడు. మా ఇంట్లో టేపురికార్డరు లేదు, క్యాసెట్ల అంగళ్ళ వైపు అమ్మ వెళ్ళదు. ఆ నమ్మకంతోనే రాశాను.

కుప్పంలో మా మేనమామ కూతురి పెళ్ళి వచ్చింది. అమ్మానాన్నలు ముందే వెళ్ళారు. ముహూర్తం రోజు పొద్దున నేను బయలుదేరి పుంగనూరులో బస్సు మారుతుంటే, బస్టాండులో క్యాసెట్లు అమ్మే ఆయన కేకేశాడు.

"ఏమప్పా, మీ మామ వచ్చి మీ కొత్త క్యాసెట్ కొనుక్కోనిపాయె! పెండ్లిలో మైకులో వేపిస్తాడంట."

"విన్నాడా?" అన్నాను.

"యాల ఇనేది? మొదటిది ఇనుండాడు గదా, సాలదా?"

పెళ్ళి మైకంటే గుంజల మీద హార్ను స్పీకర్లు కట్టి వీధులన్నీ మోగిస్తారు. పందిట్లో అమ్మ ఉంటుంది, చుట్టాలంతా ఉంటారు, పెళ్ళికొడుకు వాళ్ళుంటారు. ఒక్కరు పసిగట్టినా చాలు, అమ్మ ఇన్నేళ్ళు దాచుకున్నది విస్తళ్ళ ముందు కూర్చుని చెప్పుకుంటారు. ఆ బస్సేమో చెయ్యెత్తిన ప్రతి మనిషికీ ఆగింది. దార్లో డ్రైవరు దిగి తీరిగ్గా టీ తాగుతుంటే, గ్లాసు లాగి పారేయాలనిపించింది. ఈపాటికి క్యాసెట్ ఎక్కడిదాకా వచ్చిందో అని దారంతా అదే ఆలోచన.

పెళ్ళింటి వీధి మలుపులోనే నా గొంతు నాకు వినిపించింది. వేరుశనగ పాట, మొదటి పక్కలో చివరిది. అమ్మ పాట దాని తర్వాతే, రెండో పక్క మొదట్లో. ఇంకా మించిపోలేదు. పరుగున వెళ్ళి మైకుసెట్ సాయబును పట్టుకున్నాను.

"అన్నా, రెండో పక్క వేయొద్దు."

"మీ మామ రెండు పక్కలా వేయమన్యాడు. బాగుండాది కదప్పా, యాల వద్దంటాండావు?"

క్యాసెట్ లాక్కుందామని చెయ్యి చాపేలోపే మామ వచ్చి భుజం పట్టుకున్నాడు. "సూడండి, పాడేది ఈడే, మా అక్క కొడుకు!" అంటూ పెళ్ళికొడుకు వాళ్ళ ముందుకు లాక్కెళ్ళాడు. వెనక సాయబు క్యాసెట్ తిప్పి పెట్టాడు. గిటారు మొదలైంది.

మామ చెయ్యి విడిపించుకుని అమ్మను వెతుక్కుంటూ పోయాను. అమ్మ పందిరి వెనక ఆడవాళ్ళతో కూర్చుని కత్తిపీట మీద గుమ్మడికాయ తరుగుతోంది. పాట వస్తున్నంతసేపూ ఆమె చెయ్యి ఆగిపోయింది. పక్కనున్నావిడ "పాపం, తల్లి లేని బిడ్డ పాట మాదిరి ఉండాదే" అంది. పాట అయ్యాక అమ్మ నన్ను చూసి చేత్తో పిలిచింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"బాగా పాడినావు నాయనా," అంది, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా. "గడియ నేను పెట్టుకున్న్యానని రాసినావే, ఆ గదికి లోపల గడియ యాడుండాది?"

ఆ తలుపు కళ్ళ ముందుకొచ్చింది. లోపల ఉత్త పలకే. గొలుసు బయట ఉండేది, ద్వారబంధానికున్న కొక్కేనికి తగిలించి. నేను చెవి ఆనించినప్పుడు చల్లగా నా చెంపకు తగిలేది అదే. రోజూ చూసిన గొలుసు. అది ఎవరు తగిలించారని ఒక్కసారి కూడా అనుకోలేదు. అమ్మ లోపలుంటే, ఇంట్లో పెద్ద చెయ్యి ఇంకెవరిది?

పందిట్లోంచి నాన్న గొంతు సంబరంగా వినిపించింది. "ఏమప్పా, మావోడు పాడిన ఆ పాట ఇంకోసారి వెయ్యి!"

నేను దిగ్గున లేచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"పోవద్దు, వెయ్యనీ," అంటూ గుమ్మడి ముక్క అందుకుంది. "ఆయన ఇంకా సరిగ్గా ఇనలేదు."