వాసన ఆగిన చోట

వేముల దగ్గరి పల్లెలో పుట్టిన ప్రసన్నకుమారి ఇరవై రెండేళ్లు వచ్చేదాకా సముద్రం చూడలేదు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, పడమటి తీరంలోని ఒక పరిశోధనశాలలో టెక్నీషియన్‌గా చేరింది. నెలకోసారి పడవెక్కి, సముద్రంలో ఒకే చోట ఆగి, పైనుంచి అడుగుదాకా నీళ్లు తోడి, గాలిబుడగ మిగలకుండా సీసాల్లో నింపాలి. కంటికి ఆనని నాచు నుంచి పుట్టే గంధకపు వాయువులు ఆ నీళ్లలో ఎంతున్నాయో కొలవడం ఆమె పని. అవి ఆకాశంలోకి చేరి మబ్బులు కట్టడానికి తోడ్పడతాయి. ఎండాకాలంలో అంకెలు తక్కువగానే ఉండేవి. వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరులో ఉన్నట్టుండి పెరిగేవి.

మూడో ఏడు సెప్టెంబరులో పడవ ఆగిన చోట ఒక్క పక్షి లేదు. చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతున్నాయి. అడుగునీళ్లలో ప్రాణవాయువు అయిపోయింది. వాటిని పైకి లాగగానే కుళ్లిన గుడ్ల కంపు గుప్పుమంది. నాలుగు సీసాలు నింపేసరికి ఆ కంపు లేదు.

“పోయింది మేడం,” అంది ప్రసన్న.

ల్యాబ్ పెద్ద ఫరహత్‌ది ప్రొద్దుటూరు. చప్పున సీసా లాక్కుని మూత బిగించింది.

“వాసన యాడికీ పోలేదు. ఈ విషగాలికి నీ ముక్కు మొద్దుబారింది. లేసి గాలికెదురుగా నిలబడు.”

నవంబరులో ప్రసన్న సెలవు మీద ఇంటికొచ్చింది. తల్లి రూతమ్మ చీనీతోటలో, బత్తాయి చెట్ల నడుమున్న పాతబావి లోపల పంపు గొట్టం ఇరుక్కుని ఉంది. మెకానిక్ యూనుస్ నడుముకు మోకు కట్టుకుని పట్టపగలే దిగాడు. పైన ఇద్దరు కూలీలు మోకు పట్టుకున్నారు. ప్రసన్న గట్టు మీద వంగి చూసింది. సముద్రపు అడుగునీళ్ల వాసన బావిలోంచి వచ్చింది.

“ఏందప్పా ఆ వాసన?”

“శానా గబ్బు కొడతాందక్కా!” కాసేపటికి మళ్లీ, “ఇప్పుడేం లేదులే,” అన్నాడు.

ఆమెకు పడవ మీద ఫరహత్ అన్న మాట గుర్తొచ్చింది. “పైకి రా! పైకి రాప్పా!”

బావి అదే మాటను తిప్పి పలికింది. యూనుస్ తలెత్తలేదు. ఎవరో పిలిస్తే పోతున్నట్టు, ఒక్కో రాయి మీద కాలు మోపుతూ కిందికే దిగుతున్నాడు.

“లాగండి!” అని అరిచి ఆమె కూడా మోకు అందుకుంది. పైకి వచ్చేసరికి అతని తల వాలిపోయి ఉంది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. అంబులెన్సులో పులివెందుల ఆసుపత్రికి తీసుకుపోయారు. సాయంత్రానికి అతనికి మాట వచ్చింది.

“అంతగా పిలుస్తాంటే ఎందుకు దిగినావప్పా?”

“నువ్వు పిలిచినకాడికే వస్తాంటి గదక్కా,” అన్నాడు. “కింద నిలబడి, పైకి రా అంటాంటివి.”

రూతమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

వారంలోగా బావి మీద బండలు పరిపించారు. యూనుస్ మళ్లీ ఏ బావిలోకీ దిగలేదు. డిసెంబరులో సముద్రం తేటపడింది, అంకెలు పడిపోయాయి. అయినా పడవ మీద ఫరహత్ పేరు పెట్టి పిలిస్తే ప్రసన్న వెంటనే పలకదు. గొంతు ఏ వైపు నుంచి వచ్చిందో ముందు తేల్చుకుంటుంది.