కుళాయికి తపాలా బిళ్ల

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరి నోటా నిలవలేదు. భర్త నీటి సరఫరా ఆఫీసులో కుళాయిలు బిగించే మేస్త్రీ కావడంతో, కాపురానికి వచ్చిన కొత్తలోనే కుళాయక్క అయిపోయింది. కిందటేడు ఆయన పోయాడు. పొద్దున్నే అలవాటుగా రెండు కప్పులు తీయడం, ఒకటి మళ్లీ అరలో పెట్టేయడం ఆవిడకింకా తప్పలేదు.

ఏ సంఘటనల వార్షికోత్సవాలకు తపాలా బిళ్లలు వేయాలో తేల్చడానికి ఏటా ఒక సంఘం కూర్చుంటుంది. అందులో ఒక కుర్చీ మామూలు మనుషులది. కార్డు రాసి పంపినవాళ్లలోంచి చీటీ తీసి పిలుస్తారు. తోచక కుళాయక్క కూడా ఒక కార్డు పడేసింది. చీటీ ఆవిడకే తగిలింది.

"అక్కడంతా పెద్ద పెద్ద చదువులవాళ్లుంటారు వదినా. నోరెత్తకుండా తలూపి వచ్చెయ్" అని ఆడపడుచు ఆటపట్టించింది.

"తలూపడానికి అక్కడ టేబులు ఫ్యాను ఉండే ఉంటుందిలే. నేనెందుకు?"

ఆవిడ పట్టుదల ఒక్కటే. దేశంలో మొదటి వీధి కుళాయి పెట్టి వచ్చే ఏటికి వందేళ్లు. "యుద్ధాలకి బిళ్లలేస్తారు, నీళ్లకి వెయ్యరు" అని భర్త అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా సణిగేవాడు. సణిగే మనిషి లేడు కనక ఆ పనేదో తనే చేయాలనుకుంది.

సంఘం కూర్చున్న రోజు మధ్యాహ్నానికి ఒక్క బిళ్ల తప్ప అన్నీ తేలిపోయాయి. ఆ ఒక్కదానికి రెండు పోటీపడ్డాయి: కుళాయక్క కుళాయి, రిటైరైన మేజరుగారి యుద్ధం. ఆ యుద్ధం గెలిచి యాభై ఏళ్లట. ఆయన తలుపంత బొమ్మ పట్టుకొచ్చాడు. అందులో ఫిరంగులు, పొగ, జెండా, వాటి మధ్య దళంలోని వాళ్లంతా ఉన్నారు.

అక్కడ ఒక పద్ధతుంది. ఆఫీసు చిత్రకారుడు బొమ్మను బిళ్లంత చేసి, కవరు మీద అంటించి, ఎదుటి గోడకు పెడతాడు. కూర్చున్న చోటినుంచి పోల్చుకోగలిగితేనే అది బిళ్ల.

చైర్మన్ కళ్లు చికిలించాడు. "ఏమిటండీ అవి, పంచదారకి పట్టిన చీమల్లా ఉన్నాయి?"

"చీమలేమిటండీ, మా దళం!"

"పోనీ ఒక్క సైనికుణ్ణే వేయిద్దామా?"

మేజరు తల అడ్డంగా ఊపాడు. "ఒక్కణ్ణేస్తే మిగతావాళ్ల ఇళ్లలో నేనేం చెప్పను? అందరూ పట్టేంత పెద్ద బిళ్ల వేసినప్పుడే వెయ్యండి. యాభై ఒకటో ఏడైనా మావాళ్లేం అలగరు."

కుళాయక్కకు ఆ మాటతో ఆయన నచ్చాడు.

తరవాత గోడకెక్కింది చిత్రకారుడు గీసిన కుళాయి. చూడగానే అందరూ ఒక్క గొంతుతో "కుళాయి!" అన్నారు. అంతా అయిపోయినట్టే. కుళాయక్క మాత్రం కుర్చీలోంచి లేచి గోడ దగ్గరికి వెళ్లింది.

"బాబూ, ఆ కొసన వేలాడే చుక్క తీసెయ్."

"అదేనమ్మా అందమంతా!" అన్నాడు చిత్రకారుడు.

"అందమేంటి నాయనా! అది కారే కుళాయి. దేశమంతా కవర్ల మీద చూసి 'ఎవడ్రా దీన్ని బిగించింది' అనదూ? మా ఆయన బిగించింది ఒక్కటీ కారలేదు."

చైర్మన్ గడియారం చూసుకున్నాడు. "జాబితా ఇవాళ పంపెయ్యాలమ్మా. ఒప్పుకుంటే ఇదే. లేకపోతే పోయినేడు పక్కన పెట్టిన వంతెన బొమ్మ పంపేస్తాం."

చేతికందిన బిళ్ల చేజారిపోయేలా ఉంది. అయినా, "కారేదైతే వద్దండి. వంతెనే వేసుకోండి" అనేసింది.

చిత్రకారుడే నవ్వుతూ కుంచె తీశాడు. చుక్క మీద నుంచి కిందికి నిండుగా ధార గీసి, దాని కింద ఒక బకెట్టు పెట్టాడు. మళ్లీ గోడకు తగిలించాడు.

మేజరు గుటక వేశాడు. "ఇప్పుడు దాహమేస్తోందండీ."

అందరూ గొల్లుమన్నారు. ఇష్టమైనవాళ్లు చేతులెత్తమన్నాడు చైర్మన్. అందరికన్నా ముందు లేచింది కుళాయక్క చెయ్యే. ఆయన లెక్కపెట్టి, రాసుకుని, "ఇక దించొచ్చమ్మా" అనేదాకా దిగలేదు.