స్వీడన్ మార, రాయచోటి పెట్టె

కుర్రవయసులో ఆకలి, నిద్రే కాదు, భయం కూడా దండిగానే ఉండేది. కువైట్‌లో షువైఖ్ అనే చోట ఒక గోదాములో లోడింగ్ పనికి కుదిరిన కొత్తలో నన్ను పట్టపగలే దెయ్యం పట్టింది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలు. అన్నం తిని గదిలో మొద్దునిద్ర పోయేవాణ్ణి. అప్పుడే ఏదో వచ్చి ఛాతీ మీద కూర్చునేది. ఊపిరాడదు, చెయ్యి లేవదు, గట్టిగా మూలిగితే దిగిపోతుంది. ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరికి పోదామనే నిశ్చయించుకున్నాను. పక్క మంచం రాయచోటి చిన్నాయన (చుట్టరికం లేదు, గదిలో వంట చేసే పెద్దాయన చిన్నాయనే) నా గోడంతా విని, ఇంకో నాలుగు రోజులు తాళమన్నాడు. నాలుగే ఎందుకో నాకు తట్టలేదు.

మిషన్లు బిగించడానికి వచ్చిన స్వీడన్ ఇంజనీరుకు టీ ఇస్తూ, వచ్చీరాని ఇంగ్లీషులో ఈ సంగతి చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. వాళ్ళ భాషలో పీడకలను మార్‌డ్రోమ్ అంటారట. డ్రోమ్ అంటే కల. మార అంటే నిద్రపోయేవాళ్ళ గుండెల మీదెక్కి కూర్చునే ఆడ పిశాచి. పీడకలలన్నీ ఆవిడ పనేనని వెనకటివాళ్ళు నమ్మారు కనుక ఆ మాట పుట్టిందట (ఇంగ్లీషువాళ్ళ నైట్‌మేర్‌లో మేర్ అన్నదీ ఈవిడేనట, ఆడగుర్రం కాదట). మంచం పక్కన చెప్పులు మొనలు బయటికి తిప్పి పెడితే ఆవిడ దగ్గరికి రాదని వాళ్ళ అవ్వ చెప్పేదట. అంత చదువుకున్నవాడు ఊరికే చెప్పడు కదా అనుకున్నాను.

మర్నాడు గదిలో ఉన్న ఎనిమిదిమంది బూట్లూ చెప్పులూ నా మంచం పక్కన వరసగా, మొనలు బయటికి పెట్టి పడుకున్నాను. కన్ను మూతపడిందో లేదో దభీమని చప్పుడు. కళ్ళు తెరిస్తే నా మీద తాళ్ళు కట్టిన అట్టపెట్టె, దాని మీద చిన్నాయన. బూట్లు తట్టుకుని పడ్డాడు.

"ఊరికి పోతుండా కదబ్బీ. ఇమానంలో ముప్పై కిలోలే ఒప్పుకుంటారు. ఈడ కాటా యాడుంది? ముప్పై కిలోల బియ్యం మూట నీ మీద పెట్టి చూసుకున్యా. దానికి నువ్వు మూలగవు. అంతకు మించితే మూలుగుతావు," అన్నాడు, తప్పంతా బూట్లదే అన్నట్టు.

రోజూ పెట్టెలో ఒక పాలపొడి డబ్బా వేసి నా మీద పెట్టడం, నేను మూలిగితే తీసేయడం. గదిలో అందరికీ తెలుసట. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఆయన గమ్మున ఒక డబ్బా తీసి పక్కన పెట్టి, "ఇంకొక్కసారి పండుకో నాయనా," అన్నాడు. ఏం చేస్తాను, పడుకున్నాను.

ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు. "ఇరవై తొమ్మిదిన్నరే ఉందబ్బీ. అర కిలో ముందే మూలిగినావు. మా పాపకు చాక్లెట్లు పట్టేవి." నాకు నిజంగానే సిగ్గేసింది.

ఆయన మళ్ళీ కువైట్ రాలేదు. నేను ఊరికి పోలేదు. ఇప్పుడు గదిలో వంట నాదే, పిల్లలు నన్ను చిన్నాయనా అంటున్నారు. పెట్టెలు తూచే కాటా కూడా కొన్నాను. కానీ ఛాతీ మీద బరువు లేక మధ్యాహ్నాలు సరిగా నిద్ర పట్టదు, ఆయన గుర్తొస్తాడు. అందుకే చెప్పులు మొనలు మంచం వైపుకే పెట్టి పడుకుంటున్నాను.