కారు దిగిన మనిషి

రోడ్డు ప్రయాణం మీద తీసిన సస్పెన్స్ సినిమాలంటే మా ఆయనకు ఇష్టం. బెంటన్‌విల్‌లో ఉన్న రోజుల్లో శుక్రవారం వస్తే వీడియో షాపు నుంచి ఒకటి తెచ్చేవారు. హంతకుడి మొహం చూపించేస్తే ఆయనకు ఆసక్తి పోయేది. "ఇగ అయిపోయింది. వాడు కూడా మనిషే అని తెలిసిపోయె," అనేవారు. వెనక బండి ఎందుకు వస్తోందో తెలియనంతసేపే భయమని ఆయన వాదన. నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఖాళీ రోడ్డు ఉండి, పిలిస్తే పలికేవాళ్ళు లేకపోతే చాలు అనేదాన్ని.

ఆయన జబ్బు చేసి పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు ఆ సినిమాలు ఒక్కదాన్నే చూస్తున్నాను. ఎవరైనా కారు తలుపు తీయబోతే అక్కడ ఆపేస్తాను.

విమానాలు గుద్ది టవర్లు కూలిన మరుసటి సంవత్సరం అది. బెంటన్‌విల్‌లో ఆయన ప్రాజెక్టు అయిపోయింది, తూర్పు తీరం వైపు హెర్న్‌డన్‌లో ఇంకొకటి దొరికింది. ఇల్లంతా కారులో సర్దుకుని బయల్దేరాం. ఫోన్లో మ్యాప్‌లు ఇంకా రాలేదు. దారి ప్రింట్ తీసుకున్న కాగితాలు నా ఒళ్ళో ఉన్నాయి. వెళ్ళేముందు తెలిసినవాళ్ళందరూ ఆయనకు ఒకటే మాట చెప్పారు, గడ్డం చూస్తే అనుమానిస్తారు, తీసేయమని. తీయలేదు.

టెనెస్సీలో పెట్రోలు కోసం హైవే దిగి, తిరిగి ఎక్కే దారి తప్పాం. సన్నటి రోడ్డు. రెండు వైపులా చెట్లు కమ్ముకుని మధ్యాహ్నమే మసకగా ఉంది. కాసేపటికి వెనక ఒక కారు కనిపించింది. మేం నెమ్మదిస్తే అదీ నెమ్మదించింది.

"ఏమండీ, దారి ఇవ్వండి. వెళ్ళిపోతాడు."

"ఇచ్చిన. పోతలేడు."

"పోలీసేమో."

"అయితే మంచిదే గద. నువ్వు జర సినిమాలు తక్కువ చూడు."

"తెచ్చేది ఎవరు?"

ఆయన నవ్వుతుండగానే వెనక ఎర్ర లైట్లు, నీలం లైట్లు వెలిగాయి.

కారు పక్కకు తీసి ఆపారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఇంజిన్ ఆపి, తాళం చేతిలోకి తీసుకుని, తలుపు తీసి దిగారు.

మా ఊళ్ళ వైపు పోలీసు ఆపితే దిగి ఎదురెళ్ళాలి. కూర్చునే ఉంటే పొగరనుకుంటారు. స్కూటరుకు స్టాండు వేసి, కాగితాలు పట్టుకుని, సార్ అంటూ నడవాలి. వాళ్ళ నాన్న అలా నడవడం చూస్తూ పెరిగిన మనిషి ఈయన. ఇక్కడ కదలకూడదని, చేతులు స్టీరింగ్ మీద ఉంచాలని తెలియదా అంటే, తెలుసు. లైసెన్సు పరీక్షకు చదివారు. నాకు పాఠం కూడా చెప్పారు. కానీ కాళ్ళు పాత అలవాటు ప్రకారమే నడిచాయి.

నేను వెనక్కి తిరిగాను. మూటల పైన మిగిలిన కాస్త అద్దంలోంచి ఆయన వీపు కనిపించింది. ఆయన కుడి చేయి వెనక జేబులోకి పోయింది. పర్సు కోసం. పోలీసు తన కారు తలుపు వెనక నిలబడి తుపాకీ తీశాడు. పర్సు ఎప్పటిలాగే బిగుసుకుపోయింది. ఆయన తల వంచుకుని లాగుతున్నారు.

జేబులో ఉన్నది పర్సని పోలీసుకు తెలియదు. ఎదురుగా తుపాకీ ఉందని ఆయనకు తెలియదు. రెండూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఖాళీ రోడ్డు గురించి, మొహం తెలియనివాడి గురించి మేమిద్దరం అన్నేళ్ళు వాదించుకున్నాం. ఇలా చూస్తూ కూర్చోవలసి రావడం గురించి ఇద్దరం ఒక్కసారీ అనుకోలేదు.

అద్దం దించబోయాను. తాళం లేనిదే అద్దం దిగదు, అది ఆయన దగ్గరుంది. తలుపు తీస్తే దిగేవాళ్ళు ఇద్దరవుతారు. ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"చేతులు పైకెత్తండి!"

ఆయన నావైపు తిరిగారు. జేబులో చేయి జేబులోనే ఉంది. పోలీసు ఏదో అరిచాడు. నేను కళ్ళు మూసుకోలేకపోయాను.

అప్పుడు రెండు చేతులూ పైకి లేచాయి. ఒకదాంట్లో తాళం.

పోలీసు ఆయన్ని కారు మీదికి వంచి వెతికాడు. పర్సు తనే తీశాడు. చిన్న వయసువాడు, మెడ దాకా ఎర్రబడిపోయాడు. ఇంకెప్పుడూ ఇలా దిగొద్దు, చచ్చిపోయేవాడివి అన్నాడు. ఆపింది వెనక లైటు ఒకటి వెలగడం లేదని చెప్పడానికట.

ఆయన వచ్చి కూర్చున్నారు.

"సార్ అన్నా," అన్నారు. "రెండుసార్లు సార్ అన్నా."

తాళం పెట్టబోయి, నా చేతికిచ్చారు. పోలీసు కారు వెనకే ఉంది. మేం ముందు వెళ్ళాలని చూస్తున్నట్టుంది.

"నేను నడుపుతాను," అన్నాను.

తలుపు మీద వేసిన చేయి వెనక్కి తీసుకున్నాను. ఆయన కూడా తన తలుపు వైపు చూసి ఊరుకున్నారు. కారు లోపలే, వంగి, గేరు మీదుగా ఒకరి మీంచి ఒకరం పాకి సీట్లు మారాం. దాటేటప్పుడు ఆయన నా భుజం పట్టుకున్నారు. నేను కారు రోడ్డెక్కించిన తర్వాత కూడా వదల్లేదు.