తంగేడుకు నీళ్ళు

తంగేడును ఎవరూ నాటరు. మా అనంతపురం వైపు అది ఎవరూ అడక్కుండానే వంకల్లో, బీళ్ళలో నిలువెత్తు లేస్తుంది. మిగతావన్నీ మాడిపోయాక కూడా పచ్చగా పూసి నిలబడుతుంది. మేకలు నోరు పెట్టవు, మనుషులు పొయ్యిలోకి నరుక్కుపోతారు. అలాంటి చెట్టుకు మా నాయన బిందెతో నీళ్ళు మోసి పోశాడు. తొంభైల చివర, కణేకల్ అవతల, కాలవ నీళ్ళు ఏనాడూ సరిగ్గా అందని మా నల్లరేగడి చేను గట్టు మీద.

అమ్మ కోసం పోశాడు. ఆ మాట నోటితో మాత్రం ఎప్పుడూ అనలేదు.

మేము వేసేది పొద్దుతిరుగుడు. పువ్వు మీద తేనెటీగ వాలకపోతే గింజలో పప్పు ఉండదు, అంతా తాలే. ఊరి చుట్టూ ఉన్న బీళ్ళన్నీ దున్ని శెనక్కాయ వేసుకున్నాక ఈగలకు తిండి కరువై ఎటో పోయాయి. వాటి పని మనుషుల నెత్తిన పడింది. మంచు ఆరాక చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని పువ్వు మీద మెల్లగా రుద్దాలి, అదే చేత్తో పక్క పువ్వును రుద్దాలి. అప్పుడు ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటుతుంది. పూత ఉన్నన్నాళ్ళూ రోజు మార్చి రోజు ఇదే పని. ఇది ఆడవాళ్ళ పని.

అమ్మకు ఉబ్బసం. ఆ పొడి ముక్కులోకి పోతే రాత్రి పడుకోలేక గోడకానుకుని కూర్చునేది. కొంగు ముక్కుకు కట్టుకునేది గానీ అదేం ఆపుతుంది. కూలివాళ్ళను పెట్టుకునే స్తోమత లేదు. బడి లేని రోజు నేనూ పోయేదాన్ని. నిలువెత్తు పైరులో అమ్మ కనబడేది కాదు, ఉబ్బసపు పిల్లికూతలు మాత్రం వినబడేవి. వాటిని బట్టి ఆమె ఏ సాలులో ఉందో చెప్పగలిగేదాన్ని.

ఒకసారి నాయన వినేట్టుగానే అడిగాను. "నాయన రుద్దొచ్చు కదమ్మా?"

గట్టు మీద రాళ్ళు సర్దుతున్న నాయన ఇంకో రాయి అందుకున్నాడు. అమ్మే జవాబిచ్చింది. "మగోళ్ళు చేసే పని కాదులే పాపా. నలుగురు చూస్తే నవ్వుతారు."

నాకు ఒళ్ళు మండింది. ఆ ఎండలో మమ్మల్ని చూసి నవ్వడానికి కాకులు తప్ప ఎవరున్నారు?

అయితే నాయన ఊరికే ఉండలేదు. వంక పక్కనున్న సాళ్ళలో రుద్దకపోయినా గింజ నిండడం ఆయన చూశాడు. వంకలో తంగేడు పొదలున్నాయి, వాటి పూల మీద ఈగలున్నాయి. ఎండిన తంగేడు కాయలు కోసుకొచ్చి, గింజలను వేణ్ణీళ్ళలో నానేసి గట్టు పొడవునా గుచ్చాడు. ఆ ఎండాకాలమంతా ఊరి బోరింగు నుంచి బిందె భుజాన పెట్టుకుని నడిచాడు.

పక్క చేనాయన ఆటపట్టించకుండా ఉంటాడా? "ఏమప్పా, ఊరంతా తంగేడు పీకి పొయ్యిలో పెడతాంటే నువ్వు నీళ్ళు పోస్తాండావే?"

"నా గెనిమ గట్టు, నా నీళ్ళు. నీకేమన్నా భుజం నొప్పా?" అన్నాడు నాయన.

మూడో ఏడు గట్టంతా పసుపు విరగబూసింది. నల్ల తుమ్మెదలు వచ్చాయి, వాటి వెనకే తేనెటీగలు వచ్చాయి. పొద్దుతిరుగుడు పూసేసరికి చేనంతా ఒకటే రొద. అమ్మ గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. "ఏమయ్యా, నాకు పని లేకుండా చేస్తివే" అంది. నాయన నవ్వాడు. ఆయన అలా పళ్ళు కనబడేలా నవ్వడం నాకు గుర్తున్నది అదొక్కసారే.

రెండేళ్ళు అమ్మ రాత్రిళ్ళు పడుకుంది. ఆ తర్వాతి ఏడు నిండు పూతలో పచ్చపురుగు దిగింది. చుట్టుపక్కల అందరూ మందు కొట్టారు. నాయన కూడా భయపడి, డబ్బా అడిగి తెచ్చి కొట్టాడు. మర్నాడు పొద్దున తంగేడు మొదళ్ళలో చచ్చిన ఈగలను చీమలు లాక్కుపోతున్నాయి. నాయన వాటి ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు.

అమ్మ పాత చీర అంచు చించి చేతికి చుట్టుకుంది.

"వద్దులే మే. తాలు పోతే పోనీ" అన్నాడు నాయన.

"పోతే ఏం తిందుము?" అని ఆమె సాలులోకి దిగింది.

నాయన ఆమె వెంట దిగలేదు. బిందె తీసుకుని పోయి నీళ్ళు తెచ్చి, ఇక ఎవరి నీళ్ళూ అక్కర్లేని ఆ తంగేడుకు పోశాడు. ఆ పూట నాకు ఆయన మీద వచ్చినంత కోపం మళ్ళీ ఎవరి మీదా రాలేదు.

పూత ముగిసేలోపే అమ్మ మంచం పట్టింది. ఆసుపత్రికని బస్సు రోడ్డు దాకా మోసుకుపోతుండగానే దారిలో పోయింది. ఆ ఏడు గింజ బాగా నిండింది. కల్లంలో రాశి పోస్తుంటే నాకు దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు.

ఈగలు మళ్ళీ వచ్చేసరికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఒకరోజు నాయనకు సద్ది తీసుకుని పోయాను. తంగేడు మీద, పొద్దుతిరుగుడు మీద ఎక్కడ చూసినా ఈగలే. నాయన పైరు మధ్యలో ఉన్నాడు. చేతికి గుడ్డ చుట్టుకుని పువ్వు పువ్వునూ రుద్దుతున్నాడు. వాలిన ఈగను ముందు మెల్లగా తోలి, తర్వాత రుద్దుతున్నాడు. పక్క చేనాయన, కూలికి పోయే ఆడవాళ్ళు దారిలో ఆగి చూశారు. ఎవరూ నవ్వలేదు.

"ఇన్ని ఈగలుండాయి కదా నాయనా, నువ్వెందుకు రుద్దేది?" అన్నాను.

"ఉండనీలే" అని ఇంకో పువ్వు మీద చెయ్యి పెట్టాడు. దాన్ని రుద్దుతూనే అన్నాడు. "సులువు పనే పాపా ఇది. చేతికి బరువే తెలీదు."