టోపీ మీద సర్దార్ తీర్పు

శ్రీరాంపూర్‌లో హనుమంతు హోటల్ పేరుకు చాయ్ దుకాణమే కానీ, టెస్ట్ మ్యాచ్ నడిచే రోజుల్లో అదొక కోర్టు కచేరీ. ఎక్కడో ఆస్ట్రేలియాలో ఒకడు సెంచరీ కొడతాడు, ఇక్కడ వాడి మీద పంచాయితీ పడుతుంది. ఊరి పంచాయితీలో లాగే ఒక పక్షం వాడి తరఫున మాట్లాడాలి, ఇంకో పక్షం ఎదురు మాట్లాడాలి, చివరికి పెద్దమనిషి తీర్పు చెప్పాలి. చెప్పాక ఎవరూ నోరెత్తకూడదు. ఆ పెద్దమనిషి లింగమూర్తి.

ఆయన బొగ్గు బాయిలో, అంటే గనిలో, సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. షిఫ్టు మొదలయ్యే ముందు లోపల పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడు విని, ఇక్కడ పని చేయొచ్చు, అక్కడ వద్దు అని చెప్పడం సర్దార్ పని. ఆయన మాట నమ్మి ఎందరో ఆ కప్పు కింద నిలబడ్డారు. అలాంటి మాటకు హోటల్లో విలువ ఉండదా? పైగా వయసులో ఉన్నప్పుడు బాయి జట్టుకు ఆయనే ఓపెనర్. కొబ్బరిపీచు చాప పరిచిన పిచ్ మీద, హెల్మెట్ అనేది ఈ చుట్టుపక్కల ఎవరూ చూడని రోజుల్లో ఆడాడు. ఎడమ కనుబొమ మీద అప్పటి దెబ్బ మచ్చ ఇంకా ఉంది. వాదన ముదిరితే ఆయన మాట్లాడడు, వేలు పెట్టి ఆ మచ్చ చూపిస్తాడు. అప్పుడు ఎదుటివాడికి చాయ్ చల్లారుతోందని గుర్తొస్తుంది.

ఇప్పటి బ్యాటర్ల మీద ఆయన తీర్పు ఏనాడూ మారలేదు.

"ఆటగాళ్లే. గొప్పోళ్లు గాదు."

ఈ తీర్పు విన్నప్పుడల్లా కరుణాకర్‌కు ఒళ్లు మండేది. అతను బాయిలో ఎలక్ట్రీషియన్, ఇప్పటి ఆటగాళ్లకు హోటల్లో వకీలు.

"పుజారాను జూడలేదా కాకా? బ్రిస్బేన్ల పెయ్యంత దెబ్బలు దిన్నడు. జర పక్కకు జరిగిండా? ఇప్పటోడు యాడ తప్పుజేస్తడో కెమెరాలు పెట్టి మరీ ఎతుకుతున్నరు. ఎనుకటోళ్లకు గింత పరేషాన్ ఉండెనా?"

"వెస్టిండీస్ బౌలర్ల ముందట గవాస్కర్‌కు టోపీ ఉండెనా?" అనేవాడు లింగమూర్తి. బాయిలో తలకు పెట్టుకునే దాన్ని టోపీ అనే అంటారు కాబట్టి ఆయనకు క్రికెట్ హెల్మెట్ కూడా టోపీయే. "టోపీ ఉన్నంక భయమేంది? భయం లేనికాడ గొప్పతనమేంది?"

పంచాయితీ ముగిసేది. ఆయన భుజం మీద తువ్వాల సర్దుకుని, రాజ్యం గెలిచినట్టు ఇంటికి నడిచేవాడు.

ఆ ఇంట్లోనే ఇంకో ఓపెనర్ ఉంది. కూతురు సృజన. ఆయన తర్వాత బాయి కొలువు ఆమెకు వచ్చింది. లాంప్ రూములో పని, అంటే లోపలికి దిగేవాళ్లకు టోపీకి తగిలించుకునే దీపాలు అందించడం. బాయి మైదానంలో ఏటా ఒక ఆదివారం మొదటి షిఫ్టుకూ రెండో షిఫ్టుకూ ఎర్ర బంతితో, తెల్ల బట్టలతో, టెస్ట్ మ్యాచ్ పద్ధతిలో ఆట జరుగుతుంది. ఓవర్ల లెక్క ఉండదు. పొద్దు గూకేదాకా ఆడడమే. అంతమంది మగవాళ్ల మధ్య ఆ పిల్ల ఒక్కతే మొదటి షిఫ్టుకు బ్యాటింగ్ మొదలుపెడుతుంది. పోయిన ఏడు మధ్యాహ్నం దాటేదాకా అవుట్ కాకుండా నిలబడి, ఎండకు కమిలిన ముఖంతో ఇంటికొచ్చి తండ్రి ముందు నిలుచుంది. ఆయనకు లోపల ఎంత గర్వంగా ఉందో చెప్పలేం. కానీ పెద్దమనిషి కదా, తీర్పు తీర్పే.

"మంచిగనే ఆడినవ్ బిడ్డా. టోపీ తోటి," అన్నాడు.

ఆ చివరి మాట ఆమెను ఏడాది పొడుగునా ముల్లులా గుచ్చింది. ఆయనకు ఆ సంగతే తెలియదు.

ఈ ఏడు మ్యాచ్ రోజు లింగమూర్తి ఎప్పటిలాగే బౌండరీ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. సృజన బ్యాట్ పట్టుకుని లోపలికి నడుస్తుంటే మైదానమంతా గుసగుసలు. జుట్టు గట్టిగా ముడివేసుకుంది. తలకు హెల్మెట్ లేదు. అంపైర్ అడిగితే, "నా ఇష్టమన్నా, షురూ చెయ్యుండ్రి" అంది.

నిజం చెప్పాలంటే మొదటి క్షణం ఆయన ఛాతీ పొంగింది. చూశారా, నా రక్తం అన్నట్టు పక్కవాళ్ల వైపు తల తిప్పాడు. ఆ తలను ఇటు తిప్పేలోపే రెండో షిఫ్టు బౌలర్ కొమురెల్లి మొదటి బంతి వేశాడు. ఆ చుట్టుపక్కల అంత జోరుగా వేసేవాడు లేడు. బంతి నేలకు కొట్టుకుని లేచి సృజన చెవి పక్కనుంచి దూసుకుపోయింది. వికెట్ కీపర్ ఎగిరి పట్టుకున్నాడు.

లింగమూర్తి చెయ్యి తనకు తెలియకుండానే కనుబొమ మీదికి పోయింది. ఆయన సర్దార్‌గా ఉన్నన్నాళ్లూ టోపీ లేని మనిషిని బాయిలోకి దిగనివ్వలేదు. సొంత తమ్ముణ్ని అందరి ముందూ తిట్టి వెనక్కి పంపాడు. కప్పు గట్టిగా ఉందని తన చెవులతో విన్న చోట కూడా తానూ టోపీ తీయలేదు. మరి టోపీ పెట్టుకుని దిగిన వాళ్లంతా పిరికివాళ్లా? ఆ చీకట్లో వాళ్లకు భయం లేదా? ఇన్నేళ్లుగా హోటల్లో తానేం మాట్లాడుతున్నాడు?

కొమురెల్లి రెండో బంతికి పరుగు మొదలుపెట్టేసరికి ఆయన మైదానం మధ్యకు పోతున్నాడు. చేతిలో కూతురు బౌండరీ దగ్గర వదిలేసిపోయిన హెల్మెట్.

"కాకా, ఆట నడుస్తుంది!" అని అరిచాడు అంపైర్.

"ఆపు నీ ఆట!"

సృజన కదల్లేదు. "టోపీ పెట్టుకుంటే గొప్పోళ్లు గాదంటివి గద బాపు."

"టోపీ లేనోనికి నువ్వు దీపమిస్తవానే?"

"ఇయ్య."

"నేను రోజూ టోపీ పెట్టుకునే దిగిన. నన్ను పిరికోడంటవా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎవడన్న అంటే ఊకుంటనా? గని గీ మాట నాకు గాదు బాపు, హోటల్ల చెప్పాలె. అందరి ముందట."

అంత పరువున్న మనిషికి అది చిన్న సంగతి కాదు. అయినా లింగమూర్తి తలూపాడు. "చెప్త," అన్నాడు. తన చేతులతో ఆమెకు హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, ఒకప్పుడు బాయి మొగదాల, లోపలికి దిగేవాళ్లకు చేసినట్టు రెండుసార్లు లాగి చూసి వెనక్కి వచ్చాడు.

ఆట మళ్లీ మొదలైంది. కొంతసేపటికి కొమురెల్లి బౌన్సర్ ఒకటి ఆ హెల్మెట్‌కే తగిలింది. ఆ చప్పుడు బౌండరీ దాకా వినిపించింది. సృజన తూలి, నిలదొక్కుకుని, చెయ్యెత్తి ఏం కాలేదంది. తర్వాతి బంతికి ఆమె కాలు వెనక్కి పడుతుందా అని లింగమూర్తి కళ్లార్పకుండా చూశాడు. ఆ మచ్చ పడ్డ రోజున తర్వాతి బంతికి తన కాలు అంగుళం వెనక్కి పోయిందని ఆయనకొక్కడికే తెలుసు. ఆమె కాలు ముందుకే పడింది. బంతి కవర్ల మీదుగా బౌండరీ దాటింది.

సాయంత్రం హోటల్లో నిలబడే జాగా లేదు. లింగమూర్తి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, తాను రోజూ కూర్చునే బల్ల మీద ఆమెను కూర్చోబెట్టి, తాను నిలబడ్డాడు. హెల్మెట్ అందరి ముందూ పెట్టాడు. దానికి ఒక పక్క సొట్ట పడింది.

"ఇయ్యాల నా తీర్పు మారుతుంది," అన్నాడు. "టోపీ దెబ్బను ఆపుతది గని భయాన్ని ఆపది. దెబ్బ తాకినంక గూడ ఎదురుంగ నిలవడేటోళ్లు ఎనుకట ఉండిరి, ఇప్పుడున్నరు. ఇప్పటోళ్లు గూడ గొప్పోళ్లే."

కరుణాకర్ సంతోషం పట్టలేక, "మరి నీ మచ్చ సంగతేంది కాకా?" అన్నాడు.

లింగమూర్తి చెయ్యి అలవాటుగా కనుబొమ దాకా లేచింది. అక్కడ ఆగి, కిందికి దిగి, కూతురి తల మీద నిలిచింది.

"నాది దెబ్బ దిన్న మచ్చ," అన్నాడు. "గా సొట్ట జూడుండ్రి. అది నా బిడ్డ నిలబడ్డ గుర్తు."