ముందు అరలో తడిసిన నూలు

పోయిన నెలలో మా మనవరాలు తన కొత్త కారులో నన్ను చీపురుపల్లి దాకా తీసుకువెళ్ళి తీసుకువస్తుంటే దారిలో వాన పట్టుకుంది. అద్దాలు ఎత్తేసి, చల్లగాలి పెట్టుకుని, పిల్ల హాయిగా నడుపుతూ ఉంటే, నేను చెప్పులు విప్పి కాళ్ళు కింద ఆనించాను కదా, అరికాళ్ళకు తడి తగిలింది. కింద పరిచిన పట్టా నీళ్ళు తాగి ఉంది. మర్నాడు ఆ కారు అమ్మినవాళ్ళ దగ్గరకు వెళితే, గొట్టంతో పైన నీళ్ళు కొట్టి, లోపలికి చుక్క కూడా రావడం లేదని చెప్పి, మూడు రోజులు బండి వదిలి వెళ్ళమన్నారట. కొత్త బండి కదా, పిల్ల ముఖం చిన్నబోయింది. నేను ఊరుకోకుండా, గుప్పెడు ఏకులుంటే నీళ్ళు దూరే చోటు నేనే పట్టేద్దును అన్నాను.

“ఏకులంటే ఏంటమ్మమ్మా?” అంది.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. శుభ్రం చేసిన దూదిని జానెడు పొడుగున మెత్తటి గొట్టంలా చుట్టి పెట్టుకుంటే అది ఏకు, దాన్ని రాట్నం మీద సాగదీస్తే నూలు. మనవరాలికి ఇంత వివరంగానూ చెప్పాను. కారు సంగతికీ దూది సంగతికీ పొంతన ఏమిటో ఆ పిల్లకు అందలేదు. అది చెప్పాలంటే మా మేనత్త గురించి చెప్పాలి, మేనత్త గురించి చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి. పిల్లకు అంత తీరిక లేదు. మీకు ఉందనుకుని మొదలుపెడుతున్నాను.

అరవైల చివరి మాట. నేను స్కూలు ఫైనలు ప్యాసై ఇంట్లో కూర్చుని ఉంటే, విజయనగరంలో ఒక చిన్న ఖద్దరు సంఘంలో నూలు పోగుచేసే పని దొరికింది. సంఘం వ్యాను నడిపేది మా నాన్నే కావడంతో, తండ్రీకూతుళ్ళిద్దరూ సంఘాన్ని పంచేసుకున్నారని చుట్టాలు ఆట పట్టించేవారు. వారానికొకసారి మేమిద్దరం పొందూరు చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళేవాళ్ళం. నూలు వడికే ఆడవాళ్ళకు పత్తి ఇవ్వడం, వాళ్ళు వడికి చుట్టలు చుట్టిన నూలుకు, చిలపలంటాం వాటిని, పేరు రాసిన చీటీ కట్టి బండిలో వేసుకు రావడం నా పని. ఆ బండి ఒకప్పుడు మిలటరీ వాళ్ళు వాడి వదిలేసినది. దానికి మన విజయనగరం వడ్రంగులు కొత్తగా ఒళ్ళు కట్టారు. ముందు క్యాబిన్‌కు లోపలివైపు సన్నటి చెక్కపలకల కప్పు, పలకకూ పలకకూ మధ్య సన్నటి బద్దలు, మా సీటు వెనక మెడ ఎత్తున ఒక చెక్క అర. నాన్న ఆ బండిని తుడిచినంత శ్రద్ధగా మమ్మల్ని ఏనాడూ తలంటలేదని అమ్మ దెప్పేది.

ఆ ప్రయాణాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర కమ్ముకొస్తున్నట్టు ఉంటుంది. వానాకాలంలో దారికి రెండువైపులా ఊడ్పులైన మడులు, తాటిచెట్ల మొదళ్ళదాకా నీళ్ళు, ఒక్క రెక్కతోనే పనిచేసే వైపరు, పెట్రోలు వాసనా దూది వాసనా కలిసిన ఒక వెచ్చదనం. తిరిగి వచ్చేటప్పుడు ఒక రైలు గేటు దగ్గర ఎప్పుడూ ఆగిపోయేవాళ్ళం. పట్టాలు ఎత్తు మీద, రోడ్డు పల్లంలో ఉండేవి కాబట్టి బండి ముక్కు ఆకాశానికి ఎత్తుకుని నిలబడేది. ఆ గూడ్సు ఎప్పుడొస్తుందో గేటువాడికే తెలియదు. ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. నాన్న ఇంజను ఆపేసి బీడీ ముట్టించేవాడు. నేను తల వెనక్కి వాల్చి, రేకు మీద పడే వాన వింటూ, కన్ను మూతపడీ పడనట్టు పడి ఉండేదాన్ని. వారం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అరగంట అది.

బండిలో నూలు పెట్టడానికి ఒక మర్యాద ఉండేది. ముతక నూలంతా గోతాల్లో కట్టి వెనక వేసేవాళ్ళం. సన్ననూలు మాత్రం, నలగకుండా మాసిపోకుండా, గుడ్డ సంచిలో పెట్టి ముందు అరలో ఉంచేవాళ్ళం. ఆ చుట్టుపక్కల అంత సన్ననూలు తీసే చెయ్యి ఒక్కటే, మా మేనత్తది. నాన్నకు అప్ప, అంటే అక్క, చిన్నప్పుడే భర్త పోయిన మనిషి, పొందూరు దగ్గర పల్లెలో ఒక్కతే ఉండేది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చుట్టి, వాటిని ఎండిన అరటి డొప్పలో దాచుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక్కొక్కటే బయటికి తీసేది. నాకు రాట్నం పట్టించింది ఆవిడే. ఆవిడ నూలు అరలో పెడుతుంటే అందులో నాకూ కాస్త గొప్ప ఉన్నట్టు అనిపించేది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మేము పత్తి తూచి ఇస్తాం, నూలు తూచి తీసుకుంటాం. కొంత పత్తి దాచేసుకుని, తరుగు తెలియకుండా నూలును తడిపి ఇవ్వడం అనేది కొందరు ఎరిగిన విద్య. అది బయటపడితే ఆ మనిషికి సంఘం పత్తి ఆగిపోతుంది. బండి వచ్చిననాడు ఊరి ఆడవాళ్ళందరి ముందూ ఆవిడ ఒట్టి చేతులతో ఇంటికి పోవాలి. పోయేది పత్తి ఒక్కటే కాదు, పేరు కూడా. త్రాసు మాత్రం సంఘంలోనే ఉండేది, కాబట్టి తూకం ఎప్పుడూ మర్నాడే.

వాన తడి చేతులతో చీటీలు కట్టేటప్పుడు తెలియలేదు గాని, ఆ శ్రావణంలో మర్నాడు సంఘంలో సంచి విప్పితే మేనత్త చిలపలు చెమ్మగా ఉన్నాయి. మొదటి వారం నేను మాట్లాడకుండా ఆరబెట్టాను. రెండో వారమూ అంతే. మూడో వారం సంఘం కార్యదర్శి గారు చిలపను వేళ్ళ మధ్య నలిపి చూసి, నా వైపు చూసి, కింద పెట్టారు. ఆ చూపు నాకు చాలు. సొంత మేనత్త కాబట్టి కప్పిపుచ్చుతోందని అంటారేమోనని భయం పట్టుకుంది. ఇరవై ఏళ్ళ వయసు, కొత్త ఉద్యోగం, నిజాయితీ అంటే అయినవాళ్ళ మీదే ముందు చూపించాలనే తెలివితక్కువతనం. ఈవిడ నూలు తడిగా వస్తోందండీ, పత్తి ఆపేయమంటారా అని నేనే అడిగాను. మీ ఇష్టం అన్నారాయన.

ఆ సంగతి నాన్నకు చెప్పాను. ఆయన వెంటనే బండిని సంఘం వాకిట్లో నిలబెట్టి, మిద్దెమీదకెక్కి, క్యాబిన్ మీద బిందెల కొద్దీ నీళ్ళు గుమ్మరించాడు. లోపల ఒక్క చుక్క లేదు. “నా బండి కారదమ్మా” అన్నాడు దిగి వచ్చి, కానీ అందులో ఎప్పటి గర్వం లేదు. బండి కారకపోతే అప్ప దొంగ కావాలి, అప్ప మంచిదైతే బండి కారాలి. ఆ వారమంతా ఆయన అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయాడు.

మళ్ళీ వారం, మేనత్త వాళ్ళ ఊళ్ళో, అరుగు మీద పత్తి పంచుతూ ఆవిడ వంతు వచ్చేసరికి, నేను తల ఎత్తకుండా, నీకు ఈసారి లేదత్తా, నూలు తడిగా ఉంటోంది అన్నాను. అక్కడున్న ఆడవాళ్ళంతా ఆవిడ వైపు తిరిగారు. నాన్న బండి దగ్గర నిలబడి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. ఆవిడ కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. చీర చెంగు నడుముకు దోపుకుని నా ముందు కూర్చుంది.

“అందరి నూలూ తడిసినాదేటి, నాదొక్కదేనా?” అంది.

నీదొక్కదే అన్నాను.

“నాదొక్కదీ ఎక్కడెడతన్నారు?”

ముందు అరలో అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక గాని అందులో ఏముందో నాకే తట్టలేదు. అత్త లేచి ఇంట్లోకి వెళ్ళి అరటి డొప్ప పట్టుకొచ్చింది. పత్తి ఇక రాదని తెలిసినా, ఇంట్లో మిగిలిన ఏకులన్నీ అందులోనే ఉన్నాయి. బండి దగ్గరకు వెళ్ళి, “ఒరే తమ్ముడా, తలుపు తియ్యి” అంది.

బిందెలతో పోసి చూశానని నాన్న చెప్పాడు. “నీవు నిలబెట్టి పోసినావు. వాన నిలబడి కురుస్తాదేటి? దార్లో ఏటవుతాదో సూద్దాం, నడు” అంటూ క్యాబిన్‌లోకి ఎక్కింది. కప్పు పలకల మధ్య బద్దల సందుల్లో, ముందునుంచి వెనక్కి, బెత్తెడుకొకటి చొప్పున ఏకులు దోపింది. అరలో నాలుగు పరిచింది. నన్నూ నాన్ననూ చెరోవైపు ఉంచి మధ్యలో కూర్చుంది. అన్నాళ్ళుగా తన నూలు ఎక్కిన బండి ఆవిడ ఎక్కడం అదే మొదటిసారి.

ఊరు దాటగానే వాన మొదలైంది. మడులు, తాటిచెట్లు, గొడుగు లేని మేకలు, అన్నీ ఎప్పటిలాగే నీళ్ళలో తేలుతున్నట్టు వెనక్కి పోతున్నాయి. అత్త మాత్రం బయటికి చూడకుండా తల ఎత్తి ఏకుల్నే చూస్తోంది. పొడి ఏకు ఉబ్బి తెల్లగా ఉంటుంది, చుక్క తగిలితే చాలు చప్పబడి రంగు మారుతుంది. గేటు దాకా ఏ ఏకూ మారలేదు. నాకు లోలోపల, చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, మారకూడదనే ఉంది.

గేటు పడి ఉంది. బండి ముక్కు ఎత్తుకుని ఆగింది. నాన్న ఇంజను ఆపాడు, కానీ బీడీ తియ్యలేదు. పావుగంట గడిచిందేమో. నా తల మీద ఉన్న ఏకు ఒకటి మెల్లగా కుంగడం ముందు నా కంట పడింది. తరువాత దాని వెనకది. ఆ తరువాత అరలో ఉన్నవాటిలో ఒకటి. అత్త వేలు చాచి, అరలోంచి మొదలుపెట్టి, తడిసిన ఏకుల్ని ఒక్కొక్కటే తాకుతూ వెనకనుంచి ముందుకు వచ్చింది. చివరి తడి ఏకు అద్దం పైన, ఒక బోల్టు పక్కన ఉంది.

ఆ బోల్టు ఏమిటో మా ముగ్గురిలో నాకే బాగా తెలుసు. వేసవిలో సంఘం పేరు రాసిన పెద్ద బోర్డు క్యాబిన్ మీద పెట్టించమని పట్టుబట్టింది నేను. పైన చిల్లు పెడితే వానాకాలం ఏడిపిస్తాదని నాన్న అన్నా వినకుండా, ఊళ్ళోకి వెళుతుంటే దూరం నుంచే మన బండి అని తెలియాలని గారాలుపోయి వడ్రంగి చేత కన్నాలు వేయించాను. చదునుగా ఉంటే ఆ నీరు ముందుకు జారి అద్దం మీదుగా పోయేది. ఎత్తుమీద నిలబడితే పలకల పైనుంచి వెనక్కి పాకి, నేను తల వాల్చి వాన వింటూ ఉన్నంతసేపూ, వెనక చెక్క వెంట జారి నా చెవి వెనకే ఆవిడ నూలు కిందికి చేరేది. అడుగునుంచి తడిసేది కాబట్టి సంచి పైన తడిమినా తెలియదు.

గూడ్సు వచ్చి పోతోంది. నాన్న స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. అత్త ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

“నీ బండి మంచిదేరా. పైన బరువెట్టినారు, దానిదేటి తప్పు” అంది.

నాతో ఏమీ అనలేదు. తిట్టి ఉంటే నాకు ఇప్పటికి మరుపు వచ్చేసి ఉండేది.

నాన్న ఆ సాయంత్రమే బోర్డు ఊడదీసి, కన్నాల్లో జనపనార కూరి లప్పం పెట్టాడు. నేను కార్యదర్శి గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. మళ్ళీ వారం అదే అరుగు మీద, అదే ఆడవాళ్ళ ముందు, తడి మా బండిదని, తప్పు నాదని చెప్పి, రెండు వారాల పత్తి అత్త చేతుల్లో పెట్టాను. ఆవిడ తీసుకుంది. గేటు దగ్గర తడిసిన ఏకులన్నీ విప్పి, దువ్వి, మళ్ళీ చుట్టి వడికేసిందట, ఆ చిలప కూడా ఇచ్చింది. నేను దాన్ని గుడ్డ సంచిలో పెట్టి ముందు అర వైపు నడుస్తుంటే వెనకనుంచి పిలిచింది.

“ఒసే, నాది ఎనకాలే ఎయ్యి. అందరి నూలుతోటే రానీ” అంది.

అరుపు లేదు, ఎత్తిపొడుపు లేదు. అర పొడిగా ఉందత్తా, చూడు అన్నాను. “ఉంటాదిలే” అంది. అంతే. ఆవిడ మళ్ళీ తన నూలు ముందు పెట్టనివ్వలేదు. నేను ఆ పని చేసిన నాలుగేళ్ళూ ఆ సన్ననూలు గోతాల మధ్య నలుగుతూనే విజయనగరం వచ్చింది. వానలో గేటు దగ్గర ఆగినప్పుడల్లా నేను చెయ్యి వెనక్కి చాచి అర తడిమేదాన్ని. పొడిగా ఉండేది, ఖాళీగా ఉండేది. ఆ తరువాత నాకు అక్కడ ఎప్పుడూ నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆ సంఘం లేదు, నాన్న లేడు, అత్త పోయి చాలా ఏళ్ళయింది. మనవరాలి కారు మూడో రోజుకు బాగై వచ్చింది. ఏదో సన్నటి దీపం లోపలికి పంపి చూశారట, తలుపు అంచున రబ్బరు జారిందట. ఎవరినీ అనుమానించాల్సిన పని లేకుండా, ఎవరూ మనసు కష్టపెట్టుకోకుండా తేలిపోయింది. ఇది మంచిదే, కాదనను. మొన్న మళ్ళీ అదే దారిన వెళ్ళాం. గేటు ఉన్నచోట వంతెన వేసేశారు, కింద రైలు పోతూ ఉంటే పైన మేము ఆగకుండా దాటేశాం. వాన పడుతూనే ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను. ఇన్నేళ్ళకు తోచింది నాకు, ఆ రోజు ఆవిడ వెనకాలే వెయ్యమన్నప్పుడు, అరలో వద్దంటే ఒళ్ళో పెట్టుకుని తీసుకెళతానత్తా అని ఒక్క మాట అని ఉంటే, బహుశా ఇచ్చేది.